చూడొచ్చు, వదలకూడదు

అంబత్తూరు ఎస్టేటులో మూడో రోజు వాన.
కింద వాల్వుల షెడ్డులో నీళ్లు తోడుతున్నారు,
పైన నేను పేర్లు తోడుతున్నాను.

మూడు నెలలకోసారి నా పని ఇది:
మెయిళ్లు వడకట్టే జల్లెడ దగ్గర
ఎవరి చెయ్యి ఎంత దూరం పోతుందో లెక్క చూడటం.
కొందరికి చూపు మాత్రమే.
కొందరు ఆపిన ఉత్తరాన్ని వదలగలరు.
జల్లెడ కన్నాలనే మార్చగలిగేది ఇద్దరం,
రెండో మనిషి ఎళిలరసి, పురిటికి వెళ్లింది.

ఈ ఊళ్లో ఫిల్టర్ అంటే
ఎవరికైనా ఇత్తడి గిన్నె, డికాషనే గుర్తొస్తాయి.
మా అత్తయ్యకు నా ఉద్యోగం అలాగే అర్థమైంది.
"పిప్పి ఆపి రసం వదలాలి, అంతేగా?"
అంతే అత్తయ్యా. కాకపోతే ఇక్కడ
పిప్పి కూడా సంతకం చేసుకొని
బ్యాంకు ముద్ర వేసుకొని వస్తుంది.

పదిహేడో వరుస: చెంగల్రాయుడు, స్టోర్సు.
వదిలే హక్కు ఉంది.
ఆయన ఏప్రిల్లోనే రిటైరయ్యాడు.
శాలువా కప్పినప్పుడు చప్పట్లు కొట్టాను,
లడ్డూ తిన్నాను,
పేరు పక్కన టిక్కు తియ్యడం మరిచాను.
చివరిసారి లోపలికొచ్చింది: నిన్న, పొద్దున ఎనిమిదీ పది.

వెన్నులో చల్లగా ఏదో పాకింది.
దొంగయితే ఏం దోచాడో చూద్దామని
వదిలినవన్నీ తెరిచాను.
నాయుడుపేట నుంచి రబ్బరు వాషర్ల ఆసామి.
అన్నీ తెలుగులోనే.
"అమ్మా, రెండు వేల ముక్కలు లారీకెక్కించాను.
స్వర్ణముఖి పొంగింది, బండి ఒక రోజు ఆలస్యం.
పోయిన నెల బాకీ కాస్త చూడండి."
ఇలాంటివి నలభై ఒకటి.
నలభై ఒక్కటీ జల్లెడే ఆపింది.
తెలియని లిపి కనపడితే అనుమానించమని
దానికి ఎవరో నేర్పారు.

ఎవరో ఏమిటి.
రెండేళ్ల కింద ఒక శుక్రవారం సాయంత్రం
లోకల్ ట్రైను తొందరలో నేనే.
ఇంట్లో పోట్లాడుకునే భాషకు
ఆఫీసులో గడియ పెట్టి, బ్యాగు తగిలించుకొని దిగిపోయాను.

స్టోర్సుకి ఫోన్ చేస్తే మోహనాంబ ఎత్తింది.
ఏమీ దాచలేదు.
"పెద్దాయన పోతూ పాస్‌వర్డు రాసిచ్చారు మేడమ్.
మీకు అర్జీ పెట్టి ఏడు నెలలైంది.
వాషర్లు రాకపోతే లైను ఆగుతుంది.
లైను ఆగితే నన్నడుగుతారు, మిమ్మల్ని కాదు."

వెతికాను. ఉంది.
నా వరుసలోనే, నా పేరు కిందే,
పసుపు చుక్కతో: పరిశీలనలో.

టిక్కు తీశాను.
చెంగల్రాయుడు బూడిద రంగులోకి మారాడు.
మోహనాంబకు చూపు ఇచ్చాను, వదిలే చెయ్యి ఇచ్చాను,
నాయుడుపేట ఆసామి వరకే.
ఎప్పటి దాకా, అని అడిగింది తెర.
ఖాళీగా వదిలితే ఒప్పుకోదు,
ఇక్కడ ఏ హక్కుకైనా చావు తేదీ ముందే రాయాలి.
మార్చి ముప్పై ఒకటి అని కొట్టాను.
ముప్పైన గుర్తు చెయ్యమని గోడకో చీటీ అంటించాను,
యంత్రం మీద అపనమ్మకంతో కాదు,
నా సంగతి ఇప్పుడే తెలిసింది కనుక.

లిపి నియమం తీసెయ్యాలంటే రెండు సంతకాలు కావాలి.
ఎళిలరసి బిడ్డకు ఇంకా పేరే పెట్టలేదు.
అందాకా తెలుగు గడప దగ్గరే నిలబడి
మోహనాంబ వచ్చి తీస్తే లోపలికొస్తుంది.

"ఆ కాగితం చింపెయ్యి" అన్నాను.
"ఎలా చింపను మేడమ్,
క్యాలెండరు షీటు వెనక రాశారు.
ముందు పక్క వినాయకుడున్నాడు."

కింద పంపు ఆగింది.
వాన చప్పుడు ఒక్కసారిగా గదిలోకొచ్చింది.
"సరే, ఉండనియ్యి.
అది తీసే తలుపు ఇప్పుడు లేదులే."

"తెలుసు" అంది.
"ఆయన చేతిరాత బాగుంటుంది."